జేబులో చాకు: పనిముట్టా, ఆయుధమా?

మొన్న మా బామ్మర్ది కడప నుంచి వచ్చినప్పుడు అనంతపురంలో మా ఇంటి వరండాలో కూర్చొని చీనీకాయలు (బత్తాయిలు) ఒలుస్తున్నాను. తొడిమ దగ్గర బిళ్లలాగా కోసి, పైనుంచి కిందికి ఆరు గీట్లు గీస్తే తొక్క పాయలు పాయలుగా వచ్చేస్తుంది. గీటు తొక్క మందం వరకే దిగాలి, తొన తెగకూడదు. తెగిందంటే రసం మోచేతిదాకా కారుతుంది. వంటింటి కత్తికి ఈ పని చేతకాదు, అది మరీ పొడుగు. నా జేబులో ఎప్పుడూ ఉండే చిన్న మడత చాకుకైతే ఇది చిటికెలో పని. దాన్ని చూసి వాడు కాయ అందుకోబోయి ఆగిపోయాడు. "ఏం బావా, జోబులో కత్తి పెట్టుకొని తిరుగుతాండావా? పోలీసోళ్లు పట్టుకుంటే?" అన్నాడు.

"ఏం కాదులే" అని అప్పటికి అనేశాను. తర్వాత ఆలోచిస్తే అది సరైన జవాబు కాదనిపించింది. "కేసవుతుంది" అనడం ఎంత తప్పో, "ఏం కాదు" అనడమూ అంతే తప్పు. చాకు తయారైన తీరు, దేశంలోని చట్టం, మనం నిలబడి ఉన్న చోటు, మన సీమకు పడిన పేరు, ఇవన్నీ ఆ ఒక్క ప్రశ్నలో పెనవేసుకొని ఉన్నాయి. వాటిని విడదీయడానికి దొరికే కొస మాత్రం చాకులోనే ఉందని నేను నమ్ముతాను. అది తెరుచుకోవడానికి రెండు చేతులు కావాలి, కాస్త సమయం పడుతుంది. ఇక్కడి నుంచి మొదలుపెడితే మిగతావన్నీ ఒక్కొక్కటిగా విడిపోతాయి.

ముందు ఆ వస్తువును దగ్గరగా చూద్దాం. నా చాకు మూస్తే చూపుడువేలంత ఉంటుంది. పిడికి రెండు పక్కలా చెక్క బిళ్లలు, వాటి లోపల పలుచని ఇత్తడి రేకులు, ఆ రేకుల మధ్య అలుగు, అంటే కోసే పదును భాగం. అలుగు వెన్ను దగ్గర నెలవంక ఆకారంలో ఒక గాడి. బొటనవేలి గోరు ఆ గాడిలో ఆనించి లాగాలి, రెండో చెయ్యి పిడిని పట్టుకోవాలి. మొదట కాస్త మొరాయిస్తుంది. సగం దారిలో పిడికి అడ్డంగా ఒకసారి ఆగుతుంది. ఇంకా లాగితే 'టక్'మని నిలబడుతుంది.

ఆ 'టక్' వెనక లాకు ఏమీ లేదు. పిడి వెన్ను పొడుగునా ఒక ఉక్కు స్ప్రింగు ఉంటుంది, అది అలుగు మొదలును ఎప్పుడూ నొక్కుతూ ఉంటుంది. ఆ మొదలును గుండ్రంగా కాకుండా పలకలుగా అరగదీస్తారు. పలక స్ప్రింగుకు ఆనినంతసేపు అలుగు కదలదు. తిప్పబోతే పలక మూల వచ్చి స్ప్రింగును పైకి ఎత్తాలి, ఎత్తే బలం మన వేళ్లు ఇవ్వాలి. మూల దాటి తర్వాతి పలక రాగానే స్ప్రింగు కిందికి పడుతుంది. మనకు వినిపించేది ఆ పడే చప్పుడే. కొనేటప్పుడు నేను చూసేది కూడా ఇక్కడే. చాకు మూసి ఒకసారి, సగం తెరిచి ఒకసారి, పూర్తిగా తెరిచి ఒకసారి వెన్ను మీద వేలు పెట్టి తడుముతాను. స్ప్రింగు ఎక్కడా మెట్టులా తగలకుండా పిడితో సమానంగా ఉంటే దాన్ని చేసినవాడు మనసు పెట్టి చేశాడని అర్థం. స్విట్జర్లాండులో కార్ల్ ఎల్సెనర్ 1897లో నమోదు చేయించిన ఆఫీసర్ల చాకు ఇంత పేరు తెచ్చుకోవడానికి కారణం కూడా ఈ స్ప్రింగే. ఒకే స్ప్రింగు పిడికి రెండు వైపులా ఉన్న పనిముట్లను పట్టి ఉంచేలా ఆయన అమర్చాడు. అందుకే అన్ని ముక్కలున్నా చాకు లావు కాలేదు.

లాకు లేకపోవడం వల్ల ఒక జాగ్రత్త తప్పదు. ఈ చాకు లాగి కోయడానికే గానీ గుచ్చడానికి కాదు. మొనను గట్టి వస్తువులో పొడిచి నెట్టారా, అలుగు వెనక్కి మడుచుకొని మీ వేళ్లనే కోస్తుంది. కొబ్బరికాయ కన్ను తవ్వబోయి, డబ్బా మూత లేపబోయి వేలు తెగ్గొట్టుకున్నవాళ్లు ఈ సంగతి మరచిపోరు. లాకు లేదని దీన్ని తక్కువ రకంగా చూసేవాళ్లున్నారు. నాకలా అనిపించదు. పొడవడానికి పనికిరాకుండా పుట్టడమే ఈ రకం చాకు స్వభావం. అది పనిముట్టు అని చెప్పే సాక్ష్యం దాని కీలులోనే ఉంది.

రాంపురి చాకును దీని పక్కన పెట్టి చూడండి. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ పేరుతో సినిమాల్లో మారుమోగిన ఆ చాకుకు పొడుగాటి అలుగు, గరారీ అనే పళ్ల చక్రం ఉంటాయి. తెరుస్తుంటే కరకరమని వినిపించే చప్పుడు ఎదుటివాడి గుండెలో పడాలి, అందుకే అది. రెండూ మడిచేవే, రెంటినీ చాకు అనే అంటాం. పోలిక అంతటితో సరి.

చాకు అనే మాట మనకు పారసీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. ఇంగ్లీషువాళ్లు ఇలాంటి పలుచని చిన్న రకాన్ని జెంటిల్మన్ నైఫ్ అంటారు. ఈక కలాలు వాడే రోజుల్లో మొన చెక్కుకోవడానికి ప్రతి గుమాస్తా దగ్గరా ఒకటి ఉండేది, పెన్‌నైఫ్ అనే పేరు అలా పుట్టిందే. పండు కోసుకోవడానికి వెండి అలుగుతో వేరే చాకులు చేయించుకునేవాళ్లు. అది డాబు కోసమే అనుకోవద్దు. ఆ రోజుల ఉక్కుకు పండు పులుపు తగిలితే మరక పడేది, పండుకు ఇనుము రుచి అంటేది. ఇంగ్లాండులోని షెఫీల్డులో హ్యారీ బ్రేర్లీ 1913లో తుప్పు పట్టని ఉక్కు చేసి చూపించాకే ఆ బెడద తగ్గుతూ వచ్చింది. మనవైపు ఇంత హంగు లేదు గానీ ఆ అలవాటు మాత్రం ఉంది. మా తాత వక్కాకు తిత్తిలో సున్నపుకాయ, అడకత్తెరలతో పాటు పిడి నల్లబడిన ఒక చాకు ఉండేది. ఆకు ఈనె తీయడానికి, గోతం కుట్టిన పురికొస తెంపడానికి, మామిడికాయ కోసి మాకు పెట్టడానికి అన్నిటికీ అదే. దాన్ని ఎవరూ కత్తి అనేవాళ్లు కాదు, చాకు అనేవాళ్లు. కత్తి అంటే వేరే సంగతి.

మహర్నవమి రోజు మా ఇంట్లో ఆ చాకు కూడా బొట్టు పెట్టించుకునేది. కొడవలి, పార, స్పానర్లు, కుట్టుమిషన్, మోటారు స్టార్టర్ డబ్బా, అన్నిటికీ ఆ రోజు పూజే. దాన్ని ఆయుధపూజ అంటాం. మన మాటలో పనిముట్టూ ఆయుధమూ ఒకటే. నాకు ఆ మాట ఎంతో ఇష్టం, చేతికి అన్నం పెట్టేదే ఆయుధమన్న గౌరవం అందులో ఉంది. కానీ చట్టం దగ్గరికి వెళితే ఈ రెంటినీ విడదీయక తప్పదు. మా బామ్మర్ది భయానికి అసలు జవాబు కూడా ఆ విడదీయడంలోనే దొరుకుతుంది.

ఆయుధాల చట్టం 1959 నాటిది. అందులో ఆయుధానికి ఇచ్చిన నిర్వచనం పొడుగును పట్టించుకోదు, ఉద్దేశాన్ని అడుగుతుంది. దాడికో రక్షణకో ఆయుధంగా రూపొందించినవి, అలా మార్చినవి ఆయుధాలు. పదునైన అంచున్న మారణాయుధాలు అందులోకి వస్తాయి. కేవలం ఇంటి పనికో సేద్యానికో తయారైనవి రావు. లాఠీ, మామూలు చేతికర్ర లాంటివి రావని చట్టమే ఉదాహరణ చెప్పింది. కత్తిపీట, కొడవలి ఇంట్లో ఉన్నందుకు ఎవరూ లైసెన్సు అడగకపోవడానికి మూలం ఇదే. రైల్వే కోడూరు నర్సరీల్లో, మా అనంతపురం చీనీ మొక్కల దగ్గర అంటు కట్టేవాళ్ల చాకు ఇంకా స్పష్టమైన ఉదాహరణ. రంగపూర్ నిమ్మ మొక్క బెరడు మీద ఇంగ్లీషు టీ అక్షరంలా గాటు పెట్టి, బెరడు లేపి, చీనీ కన్ను లోపలికి జారుస్తారు. ఆ చాకు కూడా మడిచేదే, పదును గడ్డం కత్తికి తీసిపోదు. అయినా అది సేద్యపు పనిముట్టు.

పొడుగు లెక్క ఎక్కడ వస్తుందంటే, ఆ చట్టం కింద చేసిన నిబంధనల షెడ్యూల్లో. కత్తులు, బాకులు, ఈటెలు లాంటి వాటి వరసలో 9 అంగుళాల కన్నా పొడుగో 2 అంగుళాల కన్నా వెడల్పో ఉన్న అలుగు కత్తులను చేర్చారు. అక్కడ కూడా ఇంటి, సేద్య, శాస్త్ర, పారిశ్రామిక పనులకు చేసినవాటిని మినహాయించారు. "తొమ్మిది అంగుళాల లోపు ఏదైనా పర్వాలేదు" అని జనం చెప్పుకునేది దీన్ని పట్టుకొనే. అది సగం నిజం. అదే చట్టంలోని 4వ సెక్షన్ ప్రకారం, ఫలానా ప్రాంతంలో ఫలానా రకం ఆయుధానికి లైసెన్సు ఉండాల్సిందేనని ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేయవచ్చు. ఢిల్లీలో 1980 అక్టోబరు 29న అలాంటి ఉత్తర్వు వచ్చింది. స్ప్రింగుతో ఎగిరి తెరుచుకునేవి, గరారీవి, బటన్‌వి, ఇంకే యాంత్రిక అమరికతోనైనా తెరుచుకునేవి, మూసుకునేవి అయిన చాకుల అలుగు 7.62 సెంటీమీటర్ల పొడుగు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు లేదా అంతకు మించి ఉంటే అక్కడ దానికి లైసెన్సు ఉండాల్సిందే. బటన్ చాకు కేసులు అని ఢిల్లీ కోర్టు వార్తల్లో కనిపించేవి ఇవే. కర్నూలులో కొన్న చాకు జేబులో వేసుకొని రైలెక్కి ఢిల్లీలో దిగేవాళ్లు ఇది తెలుసుకొని తీరాలి.

7.62 సెంటీమీటర్లంటే 3 అంగుళాలు. ఇంగ్లాండులోనూ దాదాపు ఇదే గీత. 1988 నాటి క్రిమినల్ జస్టిస్ చట్టం బహిరంగ స్థలంలో కత్తి పట్టుకు తిరగడాన్ని నేరమంటూనే, కోసే అంచు 3 అంగుళాలు మించని మడత జేబు చాకును వదిలిపెట్టింది. లాకు పడేదైతే ఆ మినహాయింపు వర్తించదని అక్కడి కోర్టులు తేల్చాయి. రెండు దేశాలు, రెండు వేరు చట్టాలు. అయినా రెండూ పొడుగుతో పాటు అడిగింది కీలు సంగతే. అది ఎలా తెరుచుకుంటుంది, ఎలా నిలబడుతుంది అన్నదే. గోటితో లాగి తెరిచే చిన్న చాకు ఈ రెండు చోట్లా మెల్లగా గీతకు ఇవతలే ఉండిపోతుంది. మొదట్లో నేను చెప్పిన కొస ఇదే.

ఇంతవరకు వస్తువు సంగతి. చోటు సంగతి వేరు, మన జిల్లాల్లో ఎక్కువగా పట్టించుకోవాల్సింది దీన్నే. ఎన్నికలప్పుడో, ఊళ్లో గొడవ జరిగినప్పుడో పాత 144 సెక్షన్ పెట్టేవాళ్లు. 2024 జులై 1 నుంచి అది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 163వ సెక్షన్ అయింది. ఆ ఉత్తర్వు మామూలుగా 2 నెలలకు మించి అమల్లో ఉండదు. ఉన్నన్నాళ్లు మాత్రం కర్రలు, కత్తులు పట్టుకొని తిరగకూడదని అందులో రాసి ఉంటే, "ఇది చీనీకాయ కోసే చాకు సార్" అన్న వాదన వినే ఓపిక నడిరోడ్డు మీద ఎవరికీ ఉండదు, ఉండాలని ఆశించడమూ న్యాయం కాదు. ఆ రోజుల్లో చాకు ఇంట్లోనే ఉండాలి. గొడవలకు పోమని పూచీకత్తు రాసిచ్చి ఊళ్లో బైండోవర్ అయి ఉన్నవాళ్లైతే మామూలు రోజుల్లో కూడా జేబులో పెట్టుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇక వాడిన తీరు. ఎంత చిన్న చాకైనా దాంతో మనిషికి గాయం చేస్తే అంతకుముందు చెప్పిన లెక్కలన్నీ పోతాయి. భారతీయ న్యాయ సంహిత 118వ సెక్షన్ కోసే, పొడిచే సాధనంతో గాయపరచడం గురించి మాట్లాడుతుంది. అక్కడ అంగుళాలు లేవు, స్ప్రింగు లేదు. మామూలు గాయానికే 3 ఏళ్ల దాకా జైలు పడవచ్చు. పొద్దున మామిడికాయ కోసిన చాకే సాయంత్రానికి ఆయుధమవుతుంది.

విమానం సంగతి నేను పోగొట్టుకొని నేర్చుకున్నాను. పదేళ్ల కిందట ఒక విమానాశ్రయంలో స్కానర్ దగ్గర నా సంచి ఆపారు. పక్క అరలో నాన్న ఇచ్చిన చాకు ఉంది. అప్పటికే పెట్టె లోపలికి వెళ్లిపోయింది, వెనక్కి వెళ్లి ఎవరికైనా ఇచ్చి రావడానికి టైం లేదు. అక్కడున్న డబ్బాలో వేశాను. అది పడిన చప్పుడు ఇంకా నా చెవిలో ఉంది. తప్పు నాదే, వాళ్లది కాదు. చేతి సంచిలో ఏ సైజు చాకూ కుదరదు, చెక్ఇన్ చేసే పెట్టెలో పెట్టాలి. ఓర్వకల్లు నుంచో, కడప నుంచో, బెంగళూరు నుంచో విమానమెక్కేవాళ్లు ముందురోజు రాత్రే జేబులు, సంచి అరలు తడుముకోండి. కోర్టుకు, పరీక్ష హాలుకు, తిరుమల ప్రయాణానికి కూడా ఇదే మాట. అలిపిరి తనిఖీ దగ్గర క్యూలో నిలబడి టెన్షన్ పడే కన్నా ఇంట్లో బీరువాలో పెట్టి వెళ్లడం సుఖం.

మన సీమ పేరు గురించి కూడా చెప్పాలి. కర్నూలు, కడప, అనంతపురం అనగానే బయటివాళ్ల కళ్ల ముందు వేటకొడవలి మెదులుతుంది. ఫ్యాక్షన్ నిజంగా జరిగింది, దాని వల్ల ఎన్నో ఇళ్లు ఆరిపోయాయి. దాన్ని తెర మీద వందింతలు చేసి చూపించడమూ జరిగింది. ఆ బరువు ఇవాళ పండు కోసుకునే మనిషి జేబు మీద కూడా పడుతుంది. హైదరాబాదు బస్సులో నా పక్కసీటు అబ్బాయి ఊరేదని అడిగాడు, చెప్పాను. కాసేపటికి జామకాయ కోద్దామని చాకు తీస్తే కొంచెం పక్కకు జరిగాడు. నాకు కోపం రాలేదు, బాధేసింది. అప్పటి నుంచి కొన్ని పద్ధతులు పెట్టుకున్నాను. ముందు కాయ బయటికి తీస్తాను, తర్వాతే చాకు. ఒళ్లో కింద ఎక్కడో కాకుండా అందరికీ కనిపించేలా తెరుస్తాను. కోసిన వెంటనే తుడిచి మూసేస్తాను, మాట్లాడుతూ తెరిచిన చాకు చేతిలో ఆడించను. ఎవరైనా అడిగితే మూసి ఇస్తాను, అది కూడా చేతికి కాదు. మా ఇంట్లో కొడవలైనా కత్తిపీటైనా కింద పెడితే అవతలివాళ్లు తీసుకుంటారు, చాకుకూ అదే మర్యాద.

ఈ పద్ధతులన్నిటికీ ఆ గోరు గాడి సాయపడుతుంది. రెండు చేతులతో, గోటితో, నెమ్మదిగా తెరుచుకునే వస్తువు ఎదుటి మనిషిని ఉలికిపడనివ్వదు. ఒంటి చేత్తో ఝళిపించి తెరిచే రకాలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతున్నాయి, కుర్రాళ్లు ముచ్చటపడి కొంటున్నారు. మన ఊళ్లలో వాటిని జేబులో వేసుకోవద్దని గట్టిగా చెబుతాను. పండు కోయడానికి అంత వేగం ఎందుకు?

కొనదలచుకుంటే అలుగు 7 సెంటీమీటర్ల లోపు చూసుకోండి. తాళం చెవులకు తగిలించుకునే విక్టోరినాక్స్ క్లాసిక్ మూస్తే 58 మిల్లీమీటర్లే, చాలామందికి అది సరిపోతుంది. ఆ కంపెనీ పేరులోనే ఉక్కు కథ ఉంది. దాన్ని పెట్టిన ఎల్సెనర్ తల్లి పేరు విక్టోరియా, ఇనాక్స్ అంటే తుప్పు పట్టని ఉక్కుకు ఫ్రెంచి మాట, 1921లో రెండూ కలిశాయి. కార్బన్ ఉక్కు చాకు కొంటే పదును తేలిగ్గా ఎక్కుతుంది, కానీ చీనీ రసం తగిలిన చోట నిమిషాల్లో బూడిదరంగు మచ్చ వస్తుంది. ఆ మచ్చ నాకు అందంగానే ఉంటుంది, తుప్పుతో దాన్ని కలపకండి. ఎర్రగా పొడి రాలితేనే తుప్పు. పుల్లటి కాయలు రోజూ కోసేవాళ్లకు మాత్రం స్టెయిన్‌లెస్సే నయం.

సాన పట్టడం దగ్గర మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. గడప దగ్గర నాపరాయి ఉంది కదా అని దాని మీద రుద్దుతారు. మన కడప, బేతంచెర్ల నాపరాయి సున్నపురాయి జాతి, గట్టిపరచిన ఉక్కు కన్నా మెత్తన. అది ఉక్కును సరిగ్గా అరగదీయలేదు, అందులో అక్కడక్కడా ఉండే ఇసుక రేణువులు మాత్రం అంచును గీరేస్తాయి. చిన్న సానరాయి కొనుక్కోండి, నీళ్లు చల్లి, అలుగు వెన్నును కొంచెం లేపి, రెండు వైపులా సమానంగా లాగండి. వాలు 15 నుంచి 20 డిగ్రీలు ఉండాలి. సెంటీమీటరు వెడల్పున్న అలుగుకైతే వెన్ను 3 మిల్లీమీటర్లు లేపితే చాలు, రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత ఎత్తు. మొద్దుబారిన చాకే ప్రమాదం. తెగడం లేదని బలం పెడతాం, అది జారి చేతి మీదికి వస్తుంది.

మా బామ్మర్దికి ఇదంతా ఆ సాయంత్రం కాయలు తింటూ చెప్పాను. మధ్యలో వాడు చాకు తీసుకొని గోరు ఆనించి లాగబోయాడు, రాలేదు. మా అనంతపురం దుమ్ము కీలులో చేరి బిగుసుకుంది. వేడినీళ్లలో తెరిచి మూసి కడిగి, ఎండలో ఆరబెట్టి, కీలులో కుట్టుమిషన్ నూనె ఒక చుక్క వేశాం. కొబ్బరినూనె వేస్తానన్నాడు. అది కొన్నాళ్లకు జిగురుగా మారుతుందని వద్దన్నాను. ఈసారి లాగితే సగం దారిలో ఆగి, తర్వాత 'టక్'మంది. మూసి నా ముందు అరుగు మీద పెట్టి, "ఇట్లాంటిదే నాకొకటి చూడు బావా" అన్నాడు.